అనుమానమా? సందేహమా?
(పై తరగతుల విద్యార్థులకు, కాలేజీ పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక పాఠం)

పిల్లలూ! 'డౌట్' అనే ఇంగ్లీషు మాటను తెలుగులో ఏమంటారని అడిగితే మీలో కొందరు 'సందేహం' అంటారు, ఇంకొందరు 'అనుమానం' అంటారు. రెండూ సరైన జవాబులే. కానీ ఈ రెండు మాటల పక్కన ఏ క్రియలు వచ్చి కూర్చుంటాయో ఒకసారి గమనించండి. సందేహం అడుగుతాం, సందేహం తీర్చుకుంటాం. అనుమానం పడతాం, అనుమానం పెంచుకుంటాం. పాఠం అయ్యాక టీచరుగారు "సందేహాలుంటే అడగండి" అంటారు. "అనుమానాలుంటే పడండి" అని ఎవరూ అనరు కదా!

వాడుకలో ఒకదాని బదులు ఇంకొకటి వాడే సందర్భాలు లేకపోలేదు. అయినా మొత్తం మీద సందేహం విషయం మీద ఉంటుంది, అనుమానం మనిషి మీద ఉంటుంది. సందేహానికి జవాబు చెప్పేవారు దొరుకుతారు. అనుమానం మాత్రం ఒకటి పోతే ఇంకొకదాన్ని వెంటబెట్టుకొస్తుంది. అందులోనూ మన మీద మనకే కలిగే అనుమానం మరీ గడుసుది. దాని సంగతేమిటో, దాన్ని సందేహంగా ఎలా మార్చుకోవాలో ఈ పాఠంలో చూద్దాం. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న అక్కయ్యలకు, అన్నయ్యలకు ఇది బాగా తెలిసిన విషయమే.

ఒక రాత్రి

మొదటి సెమిస్టరు, అక్టోబరు నెల అనుకుందాం. హైస్కూల్లో అన్నీ 'ఏ' గ్రేడులు తెచ్చుకున్న అమ్మాయి కాలేజీలో కంప్యూటర్ సైన్స్ తీసుకుంది. పక్క కుర్చీలో అబ్బాయి ఏడో తరగతి నుంచే ప్రోగ్రాములు రాస్తున్నానంటాడు. వెనక వరుసలోంచి ఎవరో తనకు అర్థం కాని మాటలతో ప్రొఫెసరుగారిని ప్రశ్నలు అడుగుతున్నారు. రాత్రి పదకొండయింది. హోమ్‌వర్క్ ప్రోగ్రాము నడవడం లేదు. తెర మీద ఎర్రటి అక్షరాలు. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోను.

"ఏమ్మా, చదువెలా సాగుతోంది?"

"బానే ఉంది నాన్నా."

"తిన్నావా?"

"ఆఁ, తిన్నాను."

ఫోను పెట్టేశాక ఆ అమ్మాయి మనసులో మాట వేరు. "వీళ్ళంతా నిజమైన వాళ్ళు. నేనే ఏదో పొరపాటున ఇక్కడికి వచ్చాను. ఎప్పుడో ఒకప్పుడు అందరికీ తెలిసిపోతుంది."

ఈ ఆలోచనకు ఒక పేరుంది. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, చదువులోనూ ఉద్యోగంలోనూ బాగా రాణించిన 150 మందికి పైగా స్త్రీలతో మాట్లాడి దీని మీద ఒక వ్యాసం రాశారు. తమ విజయం తమ తెలివివల్ల వచ్చింది కాదనీ, అందరినీ మోసం చేస్తున్నామనీ వాళ్ళు లోలోపల భయపడేవారట. దీన్ని వాళ్ళు 'ఇంపోస్టర్ ఫినామినన్' అన్నారు. మన మాటల్లో చెప్పాలంటే, వేషగాడిననే భయం. ఇది రోగం కాదు. మగవాళ్ళలోనూ ఇది ఉంటుందని తర్వాత వచ్చిన పరిశోధనలు చూపించాయి.

పొగ, నిప్పు

మన తర్కశాస్త్రంలో 'అనుమానం' అనే మాటకు ఇంకో అర్థం ఉంది. కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని ఊహించి తెలుసుకోవడాన్ని అనుమానం అంటారు. దీనికి పాతకాలం నుంచీ చెప్పే ఉదాహరణ: దూరాన కొండ మీద పొగ కనిపించింది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది. ఈ ఊహ నిలబడాలంటే ఒక నియమం కావాలి. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండి తీరాలి. ఈ నియమాన్ని 'వ్యాప్తి' అంటారు. పొగ ఉండి నిప్పు లేని చోటు ఒక్కటి దొరికినా ఆ అనుమానం చెల్లదు.

ఇప్పుడు మన అమ్మాయి చేసిన అనుమానాన్ని ఇదే గీటురాయి మీద గీసి చూద్దాం. "నా ప్రోగ్రాములో తప్పు వచ్చింది, కాబట్టి నాకు తెలివి లేదు." దీనికి కావలసిన వ్యాప్తి ఏమిటి? తప్పు ఉన్న ప్రతిచోటా తెలివి లేకపోవడం ఉండాలి. అలా ఉందా?

మొదటి ఉదాహరణ. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ ఆధ్వర్యంలో 'ఎడ్‌శాక్' అనే కంప్యూటరు 1949 మే నెలలో మొదటి ప్రోగ్రామును నడిపింది. కొద్దిరోజులకే ఆయనకు ఒక సంగతి తట్టింది. తన మిగిలిన జీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికే సరిపోతుందని! ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. 1967లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ సైన్స్‌లో అంతకు మించిన బహుమతి లేదు.

రెండో ఉదాహరణ ఇంకా సరదాగా ఉంటుంది. నిఘంటువులో ఒక మాట వెతకాలంటే మీరేం చేస్తారు? పుస్తకం మధ్యకు తెరుస్తారు. కావలసిన మాట అంతకు ముందుంటే ముందు సగంలో, తర్వాత ఉంటే వెనక సగంలో, మళ్ళీ మధ్యకు తెరుస్తారు. ఇలా ప్రతిసారీ సగం వదిలేస్తూ పోతే, వరుసలో ఉన్న వెయ్యి పేర్లలో ఒక పేరును పది చూపుల్లో పట్టుకోవచ్చు. దీన్నే 'బైనరీ సెర్చ్' అంటారు. ఇంతే కదా అనిపిస్తుంది. కానీ జాన్ బెంట్లీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఉద్యోగాలు చేస్తున్న ప్రోగ్రామర్లకే ఈ పని ఇచ్చి, రెండు గంటల సమయం ఇస్తే, నూటికి తొంభై మంది రాసినదాంట్లో తప్పులు బయటపడ్డాయి. బైనరీ సెర్చ్ మొదటిసారి 1946లో అచ్చయితే, తప్పు లేకుండా అచ్చవడానికి 1962 దాకా పట్టిందని కూడా ఆయన రాశారు.

కథ అక్కడితో అయిపోలేదు. బెంట్లీ తన 'ప్రోగ్రామింగ్ పెర్ల్స్' పుస్తకంలో బైనరీ సెర్చ్ సరైనదేనని రుజువు చేసి మరీ చూపించారు. జావా భాషతో పాటు వచ్చే బైనరీ సెర్చ్‌ను జాషువా బ్లాక్ అనే నిపుణుడు రాశారు. 2006లో ఆయనే ప్రపంచానికి చెప్పారు: తాను రాసినదాంట్లోనూ, బెంట్లీ రుజువు చేసినదాంట్లోనూ ఒకే తప్పు ఉందని! మధ్య స్థానం తెలుసుకోవడానికి మొదటి స్థానాన్నీ చివరి స్థానాన్నీ కలిపి రెండుతో భాగిస్తారు. జాబితా మరీ పెద్దదైతే, అంటే వంద కోట్లకు పైగా అంశాలుంటే, ఆ కూడిక కంప్యూటరు ఆ సంఖ్యకు కేటాయించిన చోటులో పట్టక రుణ సంఖ్యగా మారిపోతుంది. ఈ తప్పు జావాలో సుమారు తొమ్మిదేళ్ళు ఎవరికీ కనపడకుండా దాక్కుంది.

మూడో ఉదాహరణ డోనాల్డ్ కనూత్. తన పుస్తకాల్లో తప్పు పట్టిన మొదటి వ్యక్తికి 2 డాలర్ల 56 సెంట్లు బహుమతి ఇచ్చే పద్ధతి ఆయన పెట్టారు. 256 సెంట్లే ఎందుకంటారా? పదహారు అంకెల పద్ధతిలో 256ను 100 అని రాస్తారు. అంటే అది 'పదహారు అంకెల డాలరు' అన్నమాట! ఆయన సంతకం చేసిన ఆ చెక్కును డబ్బు చేసుకోకుండా ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నవాళ్ళు ఎందరో.

చూశారా? తప్పు ఉంది, తెలివీ ఉంది. వ్యాప్తి తెగిపోయింది. కాబట్టి "తప్పు వచ్చింది, నాకు తెలివి లేదు" అనే అనుమానం తర్కానికి నిలవదు. తప్పు కనిపించినప్పుడు మనకు నిజంగా తెలిసేది ఒక్కటే: అక్కడ ఒక తప్పు ఉంది.

"అందరికీ ముందే వచ్చు, నేను ఆలస్యంగా వచ్చాను"

ఇది రెండో అనుమానం. పక్క కుర్చీ అబ్బాయికి ఐదేళ్ళ అలవాటు ఉంది. దాన్ని మన అమ్మాయి ఐదేళ్ళ అలవాటుగా చూడటం లేదు, పుట్టుకతో వచ్చిన తెలివిగా చూస్తోంది.

పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ ఈ విషయాన్ని కొన్ని సంవత్సరాల పాటు పరిశీలించి 2002లో ఒక పుస్తకం ప్రచురించారు. చిన్నప్పటి నుంచి కంప్యూటరుతో ఆడుకున్నవాళ్ళను చూసి కొత్తవాళ్ళు ముందు ధైర్యం పోగొట్టుకుంటున్నారు, ధైర్యం పోయాక ఇష్టమూ పోతోంది అని వాళ్ళు గమనించారు. అనుభవం తక్కువగా వచ్చినవాళ్ళు కూడా నిలబడితే చక్కగా చదివి బయటికి వెళ్ళారు. అనుభవాన్ని బట్టి మొదటి కోర్సులను వేరు చేయడం, చేర్చుకునే పద్ధతి మార్చడం వంటి పనులు అక్కడ చేశారు. 1995లో కొత్తగా చేరినవారిలో నూటికి 7 మంది అమ్మాయిలుంటే, 2000 నాటికి నూటికి 42 మంది అయ్యారు.

కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీలోనూ ఇలాగే జరిగింది. 2006 నుంచి అక్కడ మొదటి కోర్సును మార్చారు. అనుభవం ఉన్నవారికీ లేనివారికీ వేర్వేరు తరగతులు పెట్టారు. తమకు తెలిసిందంతా తరగతిలో ప్రదర్శించే విద్యార్థులను ప్రొఫెసర్లు విడిగా పిలిచి, ఆ ముచ్చట్లు తరగతి అయ్యాక చెప్పుకుందామని మర్యాదగా చెప్పేవారు. కొన్నేళ్ళలో ఆ శాఖలో అమ్మాయిల వంతు నూటికి పది నుంచి నలభైకి పెరిగింది. ఆ కొన్నేళ్ళలో అమ్మాయిల తెలివి నాలుగింతలు కాలేదు కదా! తరగతి గది మారింది.

మన తెలుగువారిలోనే చూడండి. రాజ్ రెడ్డిగారు 1937లో అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి మనిషి ఆయనే. మద్రాసు గిండీ కాలేజీలో 1958లో పట్టా తీసుకున్నది సివిల్ ఇంజనీరింగులో. తర్వాత ఆస్ట్రేలియాలో ఎమ్.టెక్., 1966లో స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేటు. మనిషి మాటను యంత్రం అర్థం చేసుకునేలా చేయడానికి పాటుపడిన తొలితరం శాస్త్రవేత్తల్లో ఆయన ఒకరు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఏడో తరగతిలో ప్రోగ్రాములు రాసే అవకాశం ఆయన తరానికి లేనే లేదు.

అనుమానాన్ని సందేహంగా మార్చడం

ఇక అసలు పనిలోకి వద్దాం. మన అమ్మాయి ప్రోగ్రాము పదిమంది మార్కులను కలిపి మొత్తం చెప్పాలి. తెర మీద ఎర్రగా 'లిస్ట్ ఇండెక్స్ అవుటాఫ్ రేంజ్' అని వచ్చింది. ఇప్పుడు మెట్టు మెట్టుగా దిగుదాం.

"నాకు కంప్యూటర్ సైన్స్ రాదు." ఇది అనుమానం. దీన్ని ఎవరిని అడిగినా జవాబు చెప్పలేరు.

"ఈ హోమ్‌వర్క్ నడవడం లేదు." కొంచెం నయం.

"తొమ్మిదిసార్లు కలుపుతోంది, పదోసారి ఆగిపోతోంది." ఇప్పుడు దారిలో పడ్డాం.

"పది మార్కులుంటే పదో మార్కు ఎన్నో స్థానంలో ఉంటుంది?" ఇదీ సందేహం! దీనికి జవాబుంది.

ఇండియాలో తాతగారి అపార్ట్‌మెంటు లిఫ్టు గుర్తుందా? నేల మీద ఉన్నది గ్రౌండ్ ఫ్లోరు, దాని పైది ఒకటో అంతస్తు. అమెరికాలో సాధారణంగా నేల మీదున్నదే ఒకటో అంతస్తు. చాలా కంప్యూటర్ భాషలు తాతగారి లిఫ్టులాగే లెక్కపెడతాయి. మొదటి మార్కు సున్నా స్థానంలో ఉంటుంది, పదో మార్కు తొమ్మిదో స్థానంలో ఉంటుంది. మన అమ్మాయి ఒకటి నుంచి పది వరకూ అడిగింది. పదో స్థానం లేదు కాబట్టి ప్రోగ్రాము ఆగింది. అంతే కాదు, సున్నా స్థానంలో ఉన్న మొదటి మార్కును అసలు కలపనే లేదు. ఎర్రటి అక్షరాలు చివరి తప్పునే చెప్పాయి. సందేహం సరిగ్గా అడిగితే రెండూ దొరికాయి.

ఈ పద్ధతిని అలవాటు చేసుకోవడానికి నాలుగు సూచనలు:

1. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎడమ పక్క "ఏం జరగాలనుకున్నాను", కుడి పక్క "ఏం జరిగింది" అని రాయండి. తేడా ఉన్నచోటే మీ సందేహం ఉంటుంది. నెల తిరిగాక పాత పేజీలు తిప్పితే, అప్పుడు కొండలా కనిపించినది ఇప్పుడు ఎంత చిన్నదో మీకే తెలుస్తుంది.

2. అరగంట ప్రయత్నించినా ముందుకు కదలకపోతే లేచి మంచినీళ్ళు తాగి, ఎవరినైనా అడగండి. ప్రొఫెసర్ల 'ఆఫీస్ అవర్స్' ఉన్నవే అందుకు. "ఏమీ అర్థం కాలేదండీ" అని కాకుండా "ఇంతవరకు వచ్చింది, ఇక్కడ ఆగింది" అని అడిగితే వాళ్ళకీ సంతోషం.

3. ఇద్దరు ముగ్గురు కలిసి చదవండి. నోరు తెరిచి మాట్లాడుకుంటే, పక్కవాళ్ళు కూడా నిన్న రాత్రి పదకొండింటికి ఎర్రటి అక్షరాలే చూశారని తెలుస్తుంది.

4. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఒక కొత్త అనుమానం కూడా వచ్చింది: "యంత్రమే ప్రోగ్రాము రాస్తుంటే నేనెందుకు?" యంత్రాన్ని అడగడానికి మీ కాలేజీ నియమాలు ఒప్పుకుంటే అడగండి. కానీ అది ఇచ్చిన ప్రతి వరుసా ఏం చేస్తోందో మీ మాటల్లో మీ తమ్ముడికి చెప్పగలగాలి. చెప్పలేకపోయిన వరుసే మీ తర్వాతి సందేహం. తొమ్మిదేళ్ళు దాక్కున్న తప్పు కథ చదివారు కదా, యంత్రం రాసినా దాన్ని పరీక్షించే మనిషి కావాలి.

ఒకవేళ నిజంగానే నచ్చకపోతే? అదీ తప్పు కాదు. రావడం లేదా, నచ్చడం లేదా అన్నది వేరు చేసి చూసుకోండి. ప్రోగ్రాము చివరికి నడిచినప్పుడు సంతోషం కలుగుతోందా? కలుగుతుంటే, కష్టంగా ఉన్నా ఇది మీ దారే. నెలల తరబడి, అన్నీ సవ్యంగా నడిచిన రోజున కూడా మనసు ఇంకోవైపే లాగుతుంటే, కాలేజీ సలహాదారుతోనూ ఇంట్లోనూ మాట్లాడండి. ఎర్రటి అక్షరాల రాత్రి మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట

మనం ఫోనులో అడిగే "చదువెలా సాగుతోంది?" అనే ప్రశ్నకు "బానే ఉంది" తప్ప వేరే జవాబు చెప్పే సందు పిల్లలకు దొరకదు. మనం ఇంత దూరం వచ్చి ఎంత కష్టపడ్డామో వాళ్ళకు తెలుసు. అందుకే వాళ్ళ కష్టాన్ని మన దగ్గర దాస్తారు.

1944లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఇసిడోర్ రాబీ పసిబిడ్డగా ఉన్నప్పుడే వాళ్ళ కుటుంబం యూరప్ నుంచి న్యూయార్క్‌కు వలస వచ్చింది. బడి నుంచి రాగానే, ఈ రోజు మంచి ప్రశ్న ఏదైనా అడిగావా అని తన తల్లి అడిగేదనీ, తాను శాస్త్రవేత్త కావడానికి అదే కారణమనీ ఆయన చెప్పేవారు. మనమూ ఆ ప్రశ్న అడగవచ్చు. "ఈ వారం ఏ సందేహం అడిగావమ్మా?" అంటే, సందేహం ఉండటం మర్యాద తక్కువ కాదని మనం చెప్పినట్టే. వాళ్ళు చెప్పింది మనకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, చివరిదాకా వినండి. అలా మనకు వివరించేటప్పుడే వాళ్ళకు జవాబు తట్టడమూ కద్దు. మామయ్యగారి అబ్బాయి జీతం సంగతి ఆ ఫోనులో ఎత్తకండి.

ఒక్క విషయంలో ఆలస్యం చేయవద్దు. పిల్లలు నిద్ర మానేసినా, తిండి మానేసినా, స్నేహితులకు దూరమైనా, "నేను ఎందుకూ పనికిరాను" అనే మాట పదే పదే వచ్చినా, అది చదువు సందేహం కాదు. కాలేజీలో కౌన్సెలింగ్ సెంటరు ఉంటుంది, వెంటనే వెళ్ళమనండి. వీలైతే మీరే బయలుదేరి వెళ్ళండి. అమెరికాలో 2022 జూలై నుంచి 988 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, సందేశం పంపవచ్చు. పిల్లలూ, ఆ నంబరు మీరూ గుర్తుంచుకోండి. అడగడం చిన్నతనం కాదు.

వ్యాకరణం: రాదు, రాలేదు

ఈత వచ్చు, తెలుగు వచ్చు, వంట వచ్చు అంటాం. తెలుగులో విద్య మన దగ్గరికి నడిచి వస్తుందన్నమాట! దీనికి వ్యతిరేకం 'రాదు'. "నాకు ఈత రాదు" అంటే ఇప్పుడు రాదు. అయితే "రేపు బస్సు రాదు" అన్నప్పుడు అదే మాట రాబోయే కాలానికీ పనికొస్తుంది. ఒకే రూపం రెండింటికీ సరిపోతుంది కాబట్టి, మన మీద మనం "రాదు" అనుకున్నప్పుడు ఎప్పటికీ రాదేమో అని కూడా వినిపిస్తుంది.

'రాలేదు' అలా కాదు. అది జరిగిన కాలానికే చెందుతుంది. "బస్సు రాలేదు" అంటే ఇప్పటిదాకా రాలేదు, అంతే. దాని ముందు 'ఇంకా' చేర్చి చూడండి: "నాకు ఇంకా రాలేదు." వచ్చేదాని కోసం చోటు అట్టేపెట్టిన వాక్యం ఇది.

కొత్త మాటలు

వ్యాప్తి: ఒకటి ఉన్నచోట రెండోది తప్పక ఉండాలనే నియమం.
గీటురాయి: బంగారం నాణ్యత చూసే రాయి.
రుణ సంఖ్య: సున్నా కంటే తక్కువైన సంఖ్య.
కద్దు: ఉంది, ఉంటుంది.

అభ్యాసం

1. "నాకు లెక్కలు రావు." ఈ అనుమానాన్ని నాలుగు మెట్లలో సందేహంగా మార్చి రాయండి.
2. "వాడు వేగంగా రాశాడు, కాబట్టి వాడికి నాకంటే తెలివి ఎక్కువ." ఈ అనుమానానికి కావలసిన వ్యాప్తి ఏది? అది తెగిపోయే ఒక ఉదాహరణ చెప్పండి.
3. 'రాదు', 'రాలేదు' మాటలతో రెండేసి వాక్యాలు రాసి, అర్థంలో తేడా మీ అమ్మకో నాన్నకో వివరించండి.
4. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి: మీరు ఈ దేశం వచ్చిన కొత్తలో "నా వల్ల కాదేమో" అనిపించిన పని ఏది? అప్పుడు ఎవరిని అడిగారు? వాళ్ళు చెప్పినది పది వాక్యాల్లో రాసి వచ్చే తరగతికి తీసుకురండి.